ప్రదర్శన చేను ఎకరం, గులాబీ పురుగు ఊరంతా: వర్సిటీ సాయం పత్తి రైతుకు అందుతోందా?

ములుగురోడ్డు:
ఏరువాక కేంద్రాల (వ్యవసాయ వర్సిటీ సలహా కేంద్రాల) వాళ్లు, వర్సిటీ శాస్త్రవేత్తలు సాగు పద్ధతి చూపెట్టెటందుకు ఊర్లల్ల పెట్టే ప్రదర్శన చేన్లు దండుగ అని కొందరంటరు, నేను ఒప్పుకోను. పత్తికాయ తొలిచే గులాబీ పురుగు కోసం, పత్తి పెట్టిన 45 రోజులకు ఎకరానికి 4 లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసన ఎరతోని మగ రెక్కల పురుగులను పట్టేవి), మొక్క కొసకంటే అడుగు ఎత్తుల కట్టాలె. వరుసగా మూడు రోజులు, రోజుకు బుట్టకు 8 రెక్కల పురుగులు పడితే మందు కొట్టాలె. ఈ లెక్క రైతుకు నేర్పింది వాళ్లే కదా.

పరకాల_రేగడి:
నాలుగు బుట్టలతోని పురుగు ఆగుతదా అన్నా?

ములుగురోడ్డు:
ఆపెటందుకు కాదు తమ్మీ, ఎంత ఉన్నదో చూసెటందుకు. పట్టి చంపాలంటే ఇంకా ఎక్కువ కావాలె. ఎర మూడు నాలుగు వారాలకోసారి మార్చాలె, మందు అంటిన చేతులతోని ముట్టొద్దు. బుట్టకున్న సంచి కింది ముడి ఊడితే పడ్డ పురుగులు జారిపోతయి. అప్పుడు చేన్ల పురుగే లేదనుకుంటరు, మోసపోయేది అక్కడనే.

మక్కచేను:
పురుగు పట్టి విచ్చుకోని గుడ్డి పూలు ఏరి నాశనం చేయాలె. ఆ ముచ్చట ఎవరూ ఎత్తుతలేరు.

పరకాల_రేగడి:
ముడి సంగతి సరే. ప్రదర్శనకు ఇచ్చేది 0.4 హెక్టార్లు, అంటే ఒక్క ఎకరం. చుట్టు చేన్లల్ల బుట్ట ఉండదు, పురుగు అక్కడినుంచే వస్తది. వంటచెరకని ఇండ్ల పక్కన పేర్చిన పత్తికట్టె వానల దాకా అట్లనే ఉంటది. ఆ కట్టెకున్న ఎండుకాయల్ల దాగిన పురుగు వానకాలం రెక్కలొచ్చి లేస్తది. ప్రదర్శన బోర్డు పెట్టేదేమో రోడ్డు పక్కన, సొంత పట్టా ఉన్నాయన చేన్ల.

ములుగురోడ్డు:
బుట్టల గురించి నేను చెప్తే నువ్వు బోర్డు గురించి చెప్తున్నవు. చేనంతా తిరిగి 20 పచ్చికాయలు తెంపి చీల్చి చూడు. రెండిట్ల పురుగు కనపడితే 10 శాతం, ఇగ మందు కొట్టాలె. ప్రొఫెనోఫాస్ లీటరు నీళ్లకు 2 మి.లీ. కాయ చీల్చెటందుకు పట్టా కావాల్నా?

పరకాల_రేగడి:
చీల్చెటందుకు వద్దు. మందు తెచ్చెటందుకు పైసలు కావాలె. కౌలు రైతు దుకాణంల ఉద్దెర తెస్తడు, అక్కడ ఏది చేతుల పెడితే అదే కొడతడు. తొందరపడి సింథటిక్ పైరెత్రాయిడ్ రకం మందు కొడితే తెల్లదోమ ఎగబడుతది. ఇగ పురుగుకు తిండి దొరకొద్దని డిసెంబరు ఆఖరుకు పత్తి పీకేయమంటరు. ఆఖరి ఏరుడుతోనే ఆయన కౌలు పైసలు తీరేది. పీకినంక నువ్వులో మక్కలో వేయమంటరు, బోరు లేని చెల్కల ఎట్ల మొలుస్తయి?

ములుగురోడ్డు:
కౌలు బాకీ కూడా వర్సిటీనే కట్టాల్నా? వాళ్ల పని సలహా ఇచ్చుడు!

పరకాల_రేగడి:
కట్టమంటలేను! పాటించలేని మనిషికి సలహా ఇచ్చి, పాటించలేదని ఆయననే తప్పు పట్టొద్దంటున్న. ఎకరం లెక్క ఇడిసి ఊరంతా ఒక చేను అనుకొని ప్రదర్శన పెట్టాలె. కౌలుదారును, పట్టాదారును ఒక్కకాడ కూసోబెట్టి పీకే తేదీ మాట్లాడాలె. ఆఖరి ఏరుడు పోతే కౌలు ఎంత తగ్గిస్తవని పట్టాదారును ముందే అడగాలె.

ములుగురోడ్డు:
కౌలు మాట్లాడుడు శాస్త్రవేత్త పని కాదు, నా మాట అదే. ఊరంతా ఒక చేను అన్నది మాత్రం ఒప్పుకుంటున్న. ఈ పురుగుకు ఎకరం ప్రదర్శన సరిపోదు.

మక్కచేను:
ఆఖరి ఏరుడు కాంగనే గొర్లను, మేకలను తోలితే మిగిలిన కాయలు తింటయి. కొత్తగ మందు కొట్టిన చేన్లకు తోలొద్దు.

పరకాల_రేగడి:
ఊరు ఊరంతా ఒక్క వారంల తోలాలె. సగం చేన్లు ఫిబ్రవరి దాకా ఉంటే తోలినా ఫాయిదా లేదు.