ఆదివారం లాంగ్ రన్: సంసారం ఉన్నవాడు చేసే పనేనా?

అలల_దారి
మా విశాఖ నేవీ మారథాన్‌లో ఇప్పటిదాకా హాఫ్ (21 కిలోమీటర్లు) వరకే పరుగెత్తాను. ఈసారి ఫుల్‌కు (42 కిలోమీటర్లు) సిద్ధమవుతున్నాను. ఇద్దరు పిల్లలు, పెద్దమ్మాయి నాలుగో తరగతి. మామూలు రోజుల్లో గొడవ లేదు. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపే వేళకు వెళ్లి, స్కూలు బస్సు రాకముందే ఇంట్లో ఉంటాను. చిక్కంతా ఆదివారంతోనే. ఫుల్ అంటే దాదాపు నాలుగు నెలల తయారీ. లాంగ్ రన్, అంటే వారానికోసారి ఆదివారం తీసే దూరపు పరుగు, పెరుగుతూ పెరుగుతూ 30 కిలోమీటర్లకు చేరుతుంది. కిలోమీటరుకు ఏడు నిమిషాల చొప్పున నాకు మూడున్నర గంటలు. మొన్న మామగారు అందరి ముందూ "సంసారం ఉన్నవాడు చేసే పనేనా ఇది?" అనేశారు. తాగుడు లేదు, పేకాట లేదు. వారానికి ఒక్క పూట నాకోసం ఉంచుకుంటే తప్పా?

గాజువాక_పెద్దాయన
తప్పే బాబూ. మీ మామగారు మర్యాదగానే అన్నారు. ఆరోగ్యం కోసమైతే వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, లేదా అందులో సగం గట్టి శ్రమ చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. మీ ఒక్క ఆదివారమే 210 నిమిషాలు. కాబట్టి ఆరోగ్యం పేరు చెప్పి ఇంట్లోవాళ్ల నోరు మూయించకండి.

అలల_దారి
పెద్దాయన గారూ, ఆరోగ్యం అని నేను ఎక్కడన్నాను? నాకు ఇష్టం, అందుకే పరుగెత్తుతున్నాను. తెన్నేటి పార్కు ముందు ఎత్తు ఎక్కేటప్పుడు ఎడమ పక్క కైలాసగిరి ఇంకా నల్లగానే ఉంటుంది, కుడి పక్క పడవల దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతుంటాయి. ఊపిరి, అడుగు తప్ప ఇంకేదీ బుర్రలో ఉండదు. ఆఫీసులో పై అధికారికి, ఇంట్లో పిల్లలకి, ఫోనులో బ్యాంకువాళ్లకి జవాబు చెప్పేవాడిని. అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

మధురవాడ_కుర్రాడు
అన్నా, బూట్లు ఏవి వాడుతున్నారు? నాకు మడమ నొప్పి తగ్గడం లేదు.

అప్పుఘర్_నడక
ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. రాత్రంతా నడిచి వస్తే దారి పొడవునా మజ్జిగ ఇస్తారు, ఇంటికి రాగానే వేడినీళ్లు పెడతారు. అదే 32 కిలోమీటర్లు బీచ్ రోడ్డు మీద పరుగెత్తి వస్తే సంసారం గుర్తొస్తుందేం?

గాజువాక_పెద్దాయన
దేవుడి పనితో పోలికా? అది ఏడాదికి ఒక్కసారి. పైగా ఇంటిల్లిపాదీ నడుస్తాం. ఈయన వెనకాల ఎవరు వెళ్తున్నారు?

అప్పుఘర్_నడక
ఇంటిల్లిపాదీ బయలుదేరతారు. హనుమంతవాక వచ్చేసరికి సగంమంది ఆటో ఎక్కుతారు. మా ఇంటి ముందునుంచే కదా వెళ్లేది, ఏటా చూస్తూనే ఉన్నాను.

ఇసుకతోట_సుధ
ప్రదక్షిణ సంగతి పక్కన పెట్టండి. మూడున్నర గంటల లెక్క ఎవరు వేశారు? మా ఆయనది పరుగు కాదు, సైకిలు. ఆదివారం భీమిలి వెళ్లి వస్తారు. ఆ లెక్క శనివారం సాయంత్రమే మొదలవుతుంది. ఏడున్నరకల్లా అన్నం పెట్టాలి, తొమ్మిదికి టీవీ కట్టేయాలి. పొద్దున ఆయన సీసాలో నీళ్లు, ఉప్పు, పంచదార కలుపుకునే చప్పుడుకు చిన్నవాడు లేస్తాడు. మళ్లీ వాణ్ణి పడుకోబెట్టేది నేను. వచ్చాక చెమట బట్టలు విడిగా నానబెట్టాలి, కలిపితే మిగతావాటికీ ఆ వాసన పట్టుకుంటుంది. టిఫిను కాగానే నిద్ర. "నాన్న పడుకున్నారు, అరవకండి" అంటూ మధ్యాహ్నం దాకా పిల్లల వెంట తిరగాలి. ఇదంతా కలిపి చెప్పండి, ఎన్ని గంటలు?

అలల_దారి
సుధ గారూ, నేను మధ్యాహ్నం దాకా పడుకోను. మహా అయితే నలభై నిమిషాలు.

ఇసుకతోట_సుధ
నిద్ర ఒక్కటే దొరికిందా మీకు?

అలల_దారి
దొరికింది కాబట్టే చెబుతున్నాను. చేయని పనికి నన్ను బోనులో నిలబెడితే ఎలా? నా బట్టలు నేనే పిండుకుంటాను. మీ ఇంటి సైకిలు తెచ్చి నా పరుగుకు కట్టకండి.

అప్పుఘర్_నడక
లాంగ్ రన్ తర్వాత నిద్ర అవసరమే. దాన్ని తప్పుపట్టకూడదు.

గాజువాక_పెద్దాయన
నలభై నిమిషాలంటే నేను నమ్మను. 30 కిలోమీటర్లు పరుగెత్తినవాడు నలభై నిమిషాల్లో లేచి పిల్లలకు లెక్కలు చెబుతాడా? సోఫాలో మోకాలి మీద ఐసు పెట్టుకుని కూర్చుంటాడు. మా అల్లుడిని చూస్తూనే ఉన్నాను. మనిషి ఇంట్లోనే ఉంటాడు, ఉన్నట్టు మాత్రం ఉండదు.

అలల_దారి
ఓహో, ఇది మీ అల్లుడి మీద కోపమా! అయితే ఆయనతోనే తేల్చుకోండి. ఇంతకీ మీ పిల్లల చిన్నప్పుడు తమరు ఎన్ని ఆదివారాలు ఇంట్లో ఉన్నారు?

గాజువాక_పెద్దాయన
నోరు అదుపులో పెట్టుకో. ఒక పెద్ద కర్మాగారంలో షిఫ్టుల్లో పని చేసి రిటైరయ్యాను. ఏ షిఫ్టు వేస్తే దానికి వెళ్లాను. సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, దిగి ఇంటికి వచ్చేసరికి పిల్లలు బడికి వెళ్లిపోయేవారు. మా అబ్బాయి బడి నాటకంలో అల్లూరి సీతారామరాజు వేషం వేస్తే నేను చూసింది ఫోటోలోనే. సెలవు అడిగితే ఇవ్వలేదు. కావాలని పోలేదు నేను. నీకు ఆదివారం చేతిలో పెట్టి ఇచ్చారు. దాన్ని తీసుకెళ్లి సముద్రం ఒడ్డున పారబోస్తున్నావు. అది చూసి ఒళ్లు మండుతోంది నాకు.

అప్పుఘర్_నడక
పెద్దాయన గారూ, కాస్త నెమ్మది.

అలల_దారి
ఇప్పటికి అసలు మాట బయటపడింది. జీతం కోసం ఇల్లు వదిలితే త్యాగం, ఇష్టం కోసం వదిలితే నేరం. నేను వారంలో ఆరు రోజులు ఆఫీసుకు అరువు పోయినట్టే ఉంటాను, రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరతాను. అప్పుడు ఒక్కరూ "సంసారం ఉన్నవాడివి కదా" అనరు. ఆదివారం పొద్దున బూట్లు కట్టుకోగానే అంటారు. మీరు చూడలేకపోయిన నాటకానికి నా మోకాళ్లు శిక్ష అనుభవించాలా?

ఇసుకతోట_సుధ
ఇద్దరూ భలే వాదించుకుంటున్నారు. ఒకరు ఉద్యోగం కోసం వెళ్లారు, ఒకరు సరదా కోసం వెళ్తున్నారు. ఇద్దరి వెనకా ఇంట్లో ఉన్న మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు.

బడిలో చదివేటప్పుడు 800 మీటర్లలో జిల్లా పోటీల దాకా వెళ్లాను. ఆమధ్య పది కిలోమీటర్ల పరుగుకు పేరు ఇస్తానంటే మా ఆయన వద్దనలేదు. చాలా మంచిగా "తప్పకుండా వెళ్లు, పిల్లలకు ఏర్పాటు చేసి వెళ్లు" అన్నారు. ఆయన భీమిలి వెళ్లేటప్పుడు ఏ ఏర్పాటూ చేసి వెళ్లరు. ఆ ఏర్పాటు నేనే. బోస్టన్ మారథాన్ 1897లో మొదలైతే ఆడవాళ్లను అధికారికంగా రానిచ్చింది 1972లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ 1984లో వచ్చింది. మా ఇంటికి ఇంకా రాలేదు.

అలల_దారి
మా ఆవిడకు పరుగంటే ఇష్టం లేదండీ. ఎన్నోసార్లు రమ్మన్నాను.

ఇసుకతోట_సుధ
పరుగు అనలేదు నేను. ఆమెకంటూ ఒక పూట ఉందా అని అడుగుతున్నాను. ఊరికే పడుకోవడానికైనా సరే.

అలల_దారి
ఎందుకు లేదు? మార్గశిర గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వెళ్తుంది. క్యూలో ఎంతసేపైనా నేను ఫోను చేసి తొందరపెట్టను. పిల్లలు నా దగ్గరే ఉంటారు.

ఇసుకతోట_సుధ
అక్కడికి వెళ్లి ఎవరికోసం మొక్కుకుంటుంది? మీకోసం, పిల్లలకోసం. దాన్ని కూడా ఆమె సరదా ఖాతాలో రాసేశారా!

గాజువాక_పెద్దాయన
అమ్మాయి చెప్పింది న్యాయంగా ఉంది. అయితే నా మాటా అదే. ఇంట్లో ఉండాలి.

ఇసుకతోట_సుధ
నా మాట అది కాదు. ఆయన వెళ్లాలి, ఆవిడా వెళ్లాలి. మీరు కూడా అల్లుడిని తిట్టడం మాని, ఆదివారం మనవలను చూసుకుని మీ అమ్మాయిని బయటికి పంపండి.

మధురవాడ_కుర్రాడు
మడమ నొప్పి గురించి ఎవరూ చెప్పలేదు.

అలల_దారి
మా ఆవిడ ఇదంతా చదువుతోంది. ఇకమీదట ఆదివారం మాంసం తెచ్చి ఇచ్చాకే పరుగుకు వెళ్లాలట. దుకాణం ఆరింటికి గానీ తెరవడు, వరుసలో నిలబడితే ఏడు. అప్పుడు మొదలుపెట్టి ఈ ఉక్కపోతలో 30 కిలోమీటర్లు ఎలా పూర్తి చేయాలి?

గాజువాక_పెద్దాయన
చేపలు తెచ్చుకోండి. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారకముందే దొరుకుతాయి. ఇంట్లో పడేసి వెళ్లవచ్చు.

ఇసుకతోట_సుధ
వాటిని బాగుచేసేది ఎవరు?