అప్‌డేట్: కుక్క తోక మొదట్లో తెల్ల పొట్టు, దురద

మా లాబ్రడార్‌కి తోక మొదట్లో పొట్టు రాలుతోంది, కొబ్బరినూనె రాయొచ్చా అని అడిగాను కదా. తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో చూపించాం. చర్మం గీకి మైక్రోస్కోప్ కింద చూశారు. పురుగుల్లేవు, ఫంగస్ లేదు, ఉత్త పొడి చర్మమే.

ఈ పరీక్ష దయచేసి మానొద్దు. చెవి అంచులు, మోచేతుల దగ్గర బొచ్చు ఊడి విపరీతంగా గోక్కుంటుంటే గజ్జి కావచ్చు. జిడ్డుగా ఉండి పుల్లటి వాసన వస్తుంటే ఈస్ట్‌ని (ఒక రకం ఫంగస్) అనుమానించాలి. వీటికి మందులు పూర్తిగా వేరు.

పొడి చర్మానికైతే మనుషుల షాంపూ ఆపేయాలి, అది ఒంట్లో ఉన్న కాస్త నూనెనూ కడిగేస్తుంది. కుక్కల ఓట్‌మీల్ షాంపూ, గోరువెచ్చని నీళ్లు వాడుతున్నాం. నురుగు 10 నిమిషాలు ఉంచి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. తొడల సందుల్లో, చంకల్లో నురుగు మిగిలిపోతే మళ్లీ దురదే. తిండిలో చేపనూనె కలుపుతున్నాం. మోతాదు బరువును బట్టి డాక్టరే చెప్పాలి, ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి.

పైచర్మం కొత్తగా మారడానికే సుమారు 3 వారాలు పడుతుంది, వారానికే మందు మార్చేయకండి. కొబ్బరినూనె రాస్తే నాకేస్తుంది, పైగా దుమ్ము పడుతుంది. టీ ట్రీ నూనె మాత్రం అసలు వద్దు, అది కుక్కలకు విషం.