తీసేసిన ఫైల్ హిస్టరీ గిట్‌ల ఎట్ల చూడాలె?

మిర్యాలగూడ పిల్లగాడు:
అన్నలూ, ఈడ ఒక రైస్ మిల్లుకు వడ్ల తూకం లెక్కల ప్రోగ్రాం చేస్తున్న, అండ్ల తూకం.పీవై అని ఒక ఫైల్ ఉండె, తేమ ఎక్కువుంటే బస్తాకు ఎంత తగ్గించాలె అన్న లెక్క మొత్తం అండ్లనే ఉండె, పోయిన నెల అక్కర లేదనుకొని తీసేసి గిట్‌ల (కోడ్ మార్పులన్ని దాచిపెట్టే టూల్) కమిట్ గూడ కొట్టిన, అంటే ఆ మార్పును సేవ్ చేసిన. ఇప్పుడు కోతలు షురూ అయినయ్, మిల్లాయన అదే లెక్క కావాలంటుండు. గిట్ లాగ్ తూకం.పీవై అని కొడితే యాంబిగ్యువస్ ఆర్గ్యుమెంట్ అని ఎర్రర్ వస్తుంది. హిస్టరీ మొత్తం పోయినట్టేనా? రెండు రోజుల సంది నిద్ర పడ్తలేదు.

పాలమూరు అన్న:
తమ్మీ పరేషాన్ కాకు, ఏం పోలే. ఫైల్ ఇప్పుడు ఫోల్డర్ల లేదు కద, అందుకే నువ్విచ్చింది ఫైల్ పేరా బ్రాంచ్ (కోడ్‌ల వేరేగ నడిచే పాయ) పేరా అన్నది గిట్‌కు సమజైతలేదు. పేరు ముందల రెండు గీతలు పెట్టు, అటిటు స్పేస్ ఇడువు:

గిట్ లాగ్ -- తూకం.పీవై

అన్నిటికన్న పైన వచ్చేది నువ్వు తీసేసిన కమిట్. అండ్లకెల్లి తెద్దామంటే రాదు, అప్పటికే అండ్ల ఫైల్ లేదు, చానా మంది ఈడనే ఆగిపోతరు. దానికి ముందటి దాంట్లకెల్లి తేవాలె, ఆ కమిట్ నంబర్ వెనక ~1 పెడితే దానికి ముందటిది అన్నట్టు:

గిట్ చెకౌట్ ఆ_నంబర్~1 -- తూకం.పీవై

~1 బదులు ^ పెట్టమని గూడ చెప్తరు కానీ విండోస్ కమాండ్ ప్రాంప్ట్ ఆ గుర్తును మింగేస్తది, ~1 పెట్టు.

దేవరకొండ:
ఫైల్ పేరే యాదికి లేకుంటే గిట్ లాగ్ --డిఫ్-ఫిల్టర్=డి --సమ్మరీ కొట్టు, ఏ కమిట్‌ల ఏం తీసేసిన్రో వరుసగ వస్తది. అసలు గిట్ డిలీట్ అని ఏడ రాసి పెట్టుకోదు, ప్రతి కమిట్‌కు ఫైళ్ల జాబితా మొత్తం ఉంటది, ముందటి జాబితాల ఉండి ఇండ్ల లేకుంటే అదే డిలీట్ అని చూపిస్తది. ఇంకోటి, ఫైల్ వేరే బ్రాంచ్‌ల పుట్టి ఆడనే పోయి తర్వాత ఆ బ్రాంచ్ మెయిన్ దాంట్ల కలిస్తే (మర్జ్) మామూలు లాగ్‌ల కనపడదు, --ఫుల్-హిస్టరీ పెట్టాలె. నాకిది తెల్వక ఒకసారి పొద్దంత పోయింది.

సూర్యాపేట:
మా ఆఫీసుల ఇంకా ఎస్‌వీఎన్, గిట్ లెక్కనే మార్పులు దాచే ఇంకో టూల్. ఆడ తీసేసిన ఫైల్ మీద లాగ్ కొడితే దొరకలేదంటది. అది ఉండిన ఫోల్డర్ మీద ఎస్‌వీఎన్ లాగ్ -వి కొట్టి డి (డిలీట్) అని ఉన్న లైన్ పట్టుకోవాలె, ఇగ ఫైల్ పేరు వెనక @ పెట్టి ఆ రివిజన్‌కు ఒకటి తక్కువ నంబర్ ఇస్తే పాత హిస్టరీ అంత వస్తది.

మిర్యాలగూడ పిల్లగాడు:
వచ్చిందన్నా! తేమ 17 శాతం దాటినంక తగ్గించే లైన్ ఎట్లున్నది అట్లనే ఉంది. పొద్దుగాల మిల్లుకు పోయి చూపిస్త.