దేవుని సమయం కోసం ఆగాలా, 30వ తేదీలోపు సంతకం పెట్టాలా?

కీల్పాక్ నర్సు (రాత్రి 9:10)
అందరికీ వందనాలు. మాది నెల్లూరు జిల్లా. చెన్నైలో ఒక ఆసుపత్రి ఐసీయూలో నర్సుగా చేస్తున్నాను. జర్మన్ భాషలో బీ2 స్థాయి పరీక్ష గట్టెక్కాను. జర్మనీలోని ఆసుపత్రి ఒకటి ఒప్పందం పంపింది. ఈ నెల 30లోపు సంతకం చేసి పంపాలి. అమ్మ, మా ఊరి సంఘం పాస్టరు అయ్యగారు ఒకటే మాట మీద ఉన్నారు: "దేవుని సమయం ఇంకా రాలేదు, కనిపెట్టుకుని ఉండు." అంటే ఎదురుచూడమని. ప్రార్థన చేస్తూనే ఉన్నాను. వద్దన్న సూచన రాలేదు, వెళ్ళమన్న సూచనా రాలేదు. మీరైతే ఏం చేస్తారు?

వేపేరి పెద్దాయన (9:31)
ఆగు తల్లీ. అబ్రాహాము హారాను విడిచేనాటికి 75 ఏళ్ళు. సంతానం ఇస్తానన్న దేవుని వాగ్దానం చేతిలో ఉంది, బిడ్డ లేడు. ఆగలేక శారా తన దాసి హాగరును ఇచ్చింది. అతనికి 86వ ఏట ఇష్మాయేలు పుట్టాడు, ఇస్సాకు పుట్టింది 100వ ఏట. తొందరపడింది భార్యాభర్తలిద్దరు. చివరికి నీళ్ళు అయిపోయి ఎడారిలో పొద కింద పడి ఉన్నది ఏ పాపం ఎరుగని ఆ ఇష్మాయేలు. సూచన రాలేదంటే సమయం రాలేదనే అర్థం. గిద్యోను యుద్ధానికి ముందు గొర్రెబొచ్చు పరచి, ఒకసారి బొచ్చు మాత్రమే మంచుకు తడవాలని, ఒకసారి నేల మాత్రమే తడవాలని, రెండుసార్లు సూచన అడిగాడు. దేవుడు విసుక్కోలేదు. నీవూ అడుగు.

గుండ్లకమ్మ (9:48)
పెద్దాయనగారూ, గిద్యోనుకు ఏం చేయాలో దేవుడు ముందే చెప్పాడు. నమ్మకం చాలక బొచ్చు పరిచాడు. అది మనకు పద్ధతి ఎలా అవుతుంది? ఎస్తేరు రాణిని చూడండి. మూడు రోజులు ఉపవాసం ఉంది, ఆ తర్వాత, పిలవకుండా వెళితే చావు తప్పదని తెలిసీ, రాజు ముందుకు వెళ్ళింది. ఏ సూచనా అడగలేదు. యెరూషలేము గోడ తిరిగి కట్టాలని నెహెమ్యా కిస్లేవు నెల నుంచి నీసాను దాకా, సుమారు నాలుగు నెలలు, ప్రార్థించాడు. రాజు నోరు తెరిచి అడగగానే సెలవు ఎంతకాలమో, లేఖలు ఎవరికో, కలప ఎందుకో వరుసగా చెప్పాడు. మోకాళ్ళ మీద ఉన్న ఆ నెలల్లోనే పనికీ సిద్ధపడ్డాడు. ఈ అమ్మాయి రాత్రి డ్యూటీలు చేస్తూ కొత్త భాష నేర్చుకుంది. ఆ సిద్ధపాటు లెక్కలోకి రాదా?

తాంబరం తమ్ముడు (9:52)
వెళ్ళండి అక్కా. దేవుడు వద్దనుకుంటే వీసా దగ్గరే ఆపుతాడు.

వేపేరి పెద్దాయన (10:15)
గిద్యోనును నమ్మకం లేనివాడని తేలిగ్గా తీసేశారు. విశ్వాసవీరుల వరుసలో హెబ్రీ పత్రిక అతని పేరు చెప్పింది. అడగడం తప్పయితే ఆ పేరు అక్కడ ఉండేది కాదు.
మన తెలుగు బాప్టిస్టుల సంగతే చూద్దాం. 1853లో ఈ తెలుగు మిషనును మూసేద్దామా అని అమెరికాలో చర్చించారు. మరుసటి ఏడు జనవరి 1న మిషనరీ జ్యూయెట్ దొర ఒంగోలు కొండ మీద మోకరించి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగాడు. ఆ సేవకుడిగా క్లౌ దొర వచ్చి ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. 12 ఏళ్ళు కనిపెట్టారు. ఈ అమ్మాయి 30వ తేదీ దాటకూడదంటోంది.

గుండ్లకమ్మ (10:40)
ఆ క్లౌ దొర వచ్చాక చేతులు ముడుచుకుని కూర్చున్నాడా? 1876–78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకున్నాడు. బోధకుడికి మట్టిపని ఎందుకు అనుకోలేదు. కూలి ఇచ్చి వేలమంది ప్రాణం నిలబెట్టాడు. ఇక్కడ మైలాపూరు పక్కన పారుతున్నదీ ఆ కాలువే. ఆకలి ముందున్నప్పుడు ఆయన గొర్రెబొచ్చు పరచలేదు.

వేపేరి పెద్దాయన (10:58)
సగం చరిత్ర చెప్పి ఆపారు. ఆ కరువులోనే జనం బాప్తిస్మం అడిగితే ఆయన ఇవ్వలేదు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని నిలిపేశాడు. కరువు సాయం ముగిశాకే మొదలుపెట్టాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది. ఏ నదిలో? మీరు పేరు పెట్టుకున్న గుండ్లకమ్మలోనే. ఆగడం అంటే అదీ.

గుండ్లకమ్మ (11:06)
ఆయన ఆపడానికి కారణం బయటికి చెప్పగలిగింది, అందరికీ తెలిసింది. ఈ అమ్మాయిని ఆపడానికి కారణం ఎవరైనా చెప్పారా?

ఆవడి అక్క (11:20)
ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను. నాకు 26వ ఏట మంచి సంబంధం వచ్చింది. నాన్న లేరు, అన్నదే పెద్దరికం. "దేవుని సమయం రాలేదు" అన్నాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి సంబంధానికీ అదే మాట. నా జీతం మాత్రం ఒకటో తేదీకి ఇంటికి చేరాలి. అన్న పెళ్ళికి సమయం వచ్చింది, అన్న బండికి వచ్చింది, పై అంతస్తు వేయడానికీ వచ్చింది. ఇప్పుడు నాకు 41. దేవుడు నన్ను ఆపాడని నేను నమ్మను. నన్ను ఆపినవాళ్ళ ముఖాలు నాకు తెలుసు.

వేపేరి పెద్దాయన (11:34)
మీ అన్న చేసిన అన్యాయాన్ని దేవుని మాట మీద రుద్దకండి. దొంగనోటు చేతికి వచ్చిందని అసలు నోటును చించేస్తామా?

గుండ్లకమ్మ (11:39)
అసలుదో దొంగదో తేల్చేది ఎవరు? ప్రతిసారీ పెద్దవాళ్ళే తేలుస్తారు, ప్రతిసారీ ఆగేది ఆడపిల్లే. మీరు కనిపెట్టమంటున్నారు, నాకు వినిపిస్తున్నది మాత్రం మీ భయం.

వేపేరి పెద్దాయన (రాత్రి 12:05)
అవును, భయమే. మా తమ్ముడు ఏజెంటు మాట నమ్మి, ఎవరికీ చెప్పకుండా గల్ఫ్‌కు వెళ్ళాడు. అక్కడ పాస్‌పోర్టు లాక్కున్నారు, జీతం ఇవ్వలేదు. మీనంబాక్కం విమానాశ్రయంలో సరుకుల విభాగం దగ్గర నన్ను పిలిచి వాడి శవం ఉన్న పెట్టె అప్పగించారు. దాని మీద వాడి పేరులో ఒక అక్షరం తప్పు పడింది. తప్పని చెబితే, సంతకం పెట్టండి, వెనుక వాళ్ళు నిలబడి ఉన్నారన్నారు. పెట్టాను. నేను ఆగమన్నప్పుడు ఆడపిల్ల అని చూడలేదు. ఇంటి నుంచి బయలుదేరే ప్రతి బిడ్డకూ ఇదే చెబుతాను.

పోరూరు నర్సు (12:20)
అయ్యా, మీ బాధ విన్నాక ఒక్క మాట. ఆ భయానికి మందు ఆగడం కాదు, కాగితాలు చూసుకోవడం. కీల్పాక్ చెల్లెమ్మా, నీ ఏజెంటుకు 1983 వలస చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా? ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఆ నంబరు వెతుకు. వాళ్ళు తీసుకోగలిగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే అక్కడే ఆగిపో. మధ్యలో ఉద్యోగం మానేస్తే ఎంత కట్టాలో ఒప్పందంలో చూడు. నీ నర్సింగ్ అర్హతను అక్కడ గుర్తించేదాకా సహాయకురాలి జీతమే ఇస్తారు. ఆ జీతంతో ఇక్కడి ఖర్చులు కూడా మోయాల్సి ఉంటే ముందే లెక్క వేసుకో.

కీల్పాక్ నర్సు (12:41)
ఆ చివరి మాట దగ్గరే నా గొంతు పట్టుకుపోయింది. అన్నయ్య కావలిలో కట్టిన ఇంటి అప్పు నా పేరు మీద ఉంది. ఈఎంఐ నా ఖాతా నుంచే పోతుంది. నేను వెళితే మొదటి ఏడాది అంత పంపలేను. అమ్మకు అది తెలుసు. ఈ సంగతి అమ్మ అయ్యగారికి చెప్పలేదు. "పిల్ల దూరం వెళతానంటోంది, ప్రార్థించండి" అంది, అంతే. నాకు కోపం అమ్మ మీద కాదు. దేవుని పేరు చెబితే నేను ఎదురు చెప్పనని అన్నయ్యకు తెలుసు. అందుకే చెప్పించాడు.

ఆవడి అక్క (12:44)
సంతకం పెట్టమ్మా.

వేపేరి పెద్దాయన (12:59)
అప్పు సంగతి తెలియకుండా అయ్యగారు ఇచ్చిన సలహాకు నేను కట్టుబడమనను. అయినా నా మాట నాదే, ప్రార్థన లేకుండా అడుగు వేయవద్దు. కాగితాలన్నీ పట్టుకుని వెళ్ళు. అమ్మ, అన్న, అయ్యగారు, నీవు నలుగురూ కూర్చున్నప్పుడు అప్పు ఎంతో, నెలకు ఎంతో పైకి చదువు. అన్న చేత కూడా ప్రార్థన చేయించు. ఈఎంఐ పేరు ఎత్తి ప్రార్థించమను.

గుండ్లకమ్మ (1:07)
వెళ్ళమనండి, నేను కాదనను. అయితే ఆ అమ్మాయి వెళ్ళేది వివరం చెప్పడానికి, అనుమతి కోసం కాదు. ఈ ఒక్క మాట మీరు ఒప్పుకుంటారా?

వేపేరి పెద్దాయన (1:15)
ఒప్పుకోను. ఆశీర్వాదం లేకుండా ఇల్లు దాటడం నాకు సమ్మతం కాదు.

కీల్పాక్ నర్సు (1:26)
శనివారం రాత్రి బస్సుకు వెళుతున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుంటాం. బ్యాంకు కాగితాలు, ఒప్పందం రెండూ తీసుకెళుతున్నాను. అప్పును అన్నయ్య పేరు మీదకు మార్చడం కుదురుతుందేమో బ్యాంకులో అడుగుతాను. కుదరకపోతే సగమైనా తన ఖాతా నుంచి కట్టమంటాను. ఆశీర్వదిస్తే తల వంచి తీసుకుంటాను. ఆశీర్వదించకపోయినా 30న సంతకం పెడతాను. పోరూరు అక్కా, ఆ రిజిస్ట్రేషన్ నంబరు ఎక్కడ వెతకాలో రేపు ఒకసారి చూపించండి.