ముందు చక్రం 19 నుంచి 17 అంగుళాలకు మారిస్తే డ్రాగ్ రేసులో రియాక్షన్ టైమ్ తగ్గుతుందా?

అలిపిరి రైడర్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. శ్రీపెరుంబుదూరు దగ్గరున్న ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో డ్రాగ్ పోటీలకు (తిన్నని దారిలో ఇద్దరు తలపడే వేగపు పరుగు) 350 సీసీ బండితో సిద్ధమవుతున్నాను. క్లచ్ వదలడంలోను, గేర్లు మార్చడంలోను నాకు పెద్ద ఇబ్బంది లేదు. అయితే నాతో పాటే కదిలినట్టు వీడియోలో స్పష్టంగా కనిపించే పోటీదారు కంటే, పరుగు తరవాత ఇచ్చే టైమ్ స్లిప్పులో నా రియాక్షన్ టైమ్ ఎక్కువగా నమోదవుతోంది. నా బండి ముందు టైరు 90/90-19. రేణిగుంట రోడ్డులో మా బండ్లు చూసే మెకానిక్, 17 అంగుళాల చక్రం, 90/90 టైరు వేసుకుంటే ఈ తేడా పోతుందని గట్టిగా చెబుతున్నారు. రిమ్ము, టైరు, బ్రేకు డిస్కు అమరిక అన్నీ కలిపితే ఖర్చు తక్కువేమీ కాదు. టైరు చిన్నదైతే రియాక్షన్ టైమ్ ఎందుకు తగ్గుతుందో, ఎంత తగ్గుతుందో తెలిసినవారు వివరించగలరు.

లెక్కల మాస్టారు (జవాబు):

మీ మెకానిక్ చెప్పిన దిశ సరైనదే. ఎంత మేరకు అన్నదే తేలాలి.

పచ్చ లైటు వెలిగిన క్షణం నుంచి, మీ ముందు చక్రం స్టేజ్ కిరణానికి (ప్రారంభ స్థానంలో సెన్సర్ మీద పడే కాంతి కిరణం) అడ్డు తొలగి ఆ కిరణం మళ్లీ సెన్సర్‌ను తాకే క్షణం వరకు గడిచిన కాలాన్నే యంత్రం రియాక్షన్ టైమ్‌గా నమోదు చేస్తుంది. అంటే అందులో మీ కన్ను, చెయ్యి తీసుకునే సమయం, క్లచ్ పట్టుకుని బండి కదలడానికి పట్టే సమయం మాత్రమే కాక, చక్రం ఆ కిరణాన్ని పూర్తిగా దాటడానికి పట్టే సమయం కూడా కలిసి ఉంటుంది. ఆ దాటవలసిన దూరాన్నే రేసర్లు రోలౌట్ అంటారు. టైరు పరిమాణం ప్రభావం చూపేది ఈ మూడో భాగం మీదే.

కిరణం నేలకు కొద్ది ఎత్తులో, ట్రాక్‌కు అడ్డంగా వెళుతుంది. ఆ ఎత్తులో చక్రాన్ని అడ్డంగా కోస్తే వచ్చే జ్యా పొడవే గరిష్ఠ రోలౌట్. కిరణం ఎత్తును 38 మి.మీ.గా తీసుకుని, టైరు కుంగుబాటును ప్రస్తుతానికి పక్కన పెట్టి లెక్కిద్దాం. 90/90-19 టైరు వ్యాసం సుమారు 645 మి.మీ., కాబట్టి జ్యా 304 మి.మీ. వస్తుంది. 90/90-17 అయితే వ్యాసం 594, జ్యా 291. వ్యాసంలో 51 మి.మీ. తేడా ఉన్నా కిరణం దగ్గర మిగిలేది 13 మి.మీ. మాత్రమే, ఎందుకంటే జ్యా పొడవు వ్యాసంతో పాటు నేరుగా పెరగదు, దాదాపు దాని వర్గమూలంతో పెరుగుతుంది.

ఇప్పుడు దీన్ని కాలంలోకి మారుద్దాం. బండి మొదట్లో సెకనుకు సెకనుకు 5 మీటర్ల త్వరణంతో కదులుతుందనుకుంటే 304 మి.మీ. దాటడానికి 0.349 సెకన్లు, 291 మి.మీ. దాటడానికి 0.341 సెకన్లు పడతాయి. మీరు పెట్టబోయే ఖర్చంతటికీ దక్కేది సెకనులో వెయ్యింట ఎనిమిది వంతులు. స్లిప్పులో మూడో దశాంశ స్థానం వరకు అచ్చవుతుంది కనుక అది కనిపిస్తుంది, కాదనను. కానీ వీడియోలో సమానంగా కదిలినట్టు కనిపించే ఇద్దరి మధ్య మీరు చూస్తున్న తేడాకు అదే కారణమని నేను నమ్మలేను. మీరు కిరణంలోకి ఎంత లోతుగా వెళ్లి ఆగుతున్నారో ముందు చెప్పండి.

అలిపిరి రైడర్:

మాస్టారూ, ధన్యవాదాలు. ముందు పైనున్న ప్రీ-స్టేజ్ బల్బు, తరవాత స్టేజ్ బల్బు వెలుగుతాయి కదా, ఆ రెండోది వెలగగానే ఆగిపోతాను, ఒక్క అంగుళం కూడా ముందుకు జరగను. అప్పటికి ప్రీ-స్టేజ్ బల్బు కూడా వెలుగుతూనే ఉంటుంది.

లెక్కల మాస్టారు:

అయితే కారణం అక్కడే ఉంది. మీరు జ్యా మొత్తాన్నీ దాటవలసిన స్థితిలో నిలబడుతున్నారు. మీ పోటీదారు ఇంకొంచెం ముందుకు జరిగి ఆగుతుంటే, మీతో పాటే కదిలినా ఆయన చక్రం కిరణాన్ని ముందుగా విడిచిపెడుతుంది. ప్రీ-స్టేజ్ కిరణం స్టేజ్ కిరణానికి 7 అంగుళాలు, అంటే 178 మి.మీ. వెనక ఉంటుంది. పై బల్బు ఆరిపోయేంత వరకు, సరిగ్గా అంతవరకే, జరిగి ఆగినవారికి మిగిలే రోలౌట్ ఆ 178 మి.మీ. మాత్రమే. పై త్వరణంతోనే చూస్తే అది 0.267 సెకన్లు. మీ 0.349తో పోల్చితే 0.082 తేడా, అంటే చక్రం మార్పు ఇచ్చేదానికి పదింతలు. ఇందులో నాకు ఎంతో నచ్చే విషయం ఒకటుంది: ఆ స్థానంలో చక్రం వెనక అంచు ప్రీ-స్టేజ్ కిరణం దగ్గర ఉంటుంది కనుక, టైరు 17 అయినా 19 అయినా 21 అయినా మిగిలే దూరం అదే 178 మి.మీ. అక్కడ టైరు పరిమాణం లెక్కలోంచి పూర్తిగా తొలగిపోతుంది.

చిత్తూరు స్విఫ్ట్:

కార్లవాళ్ల కోసం ఒక మాట చేర్చుతాను. టైరు వెడల్పు గురించి మా చిత్తూరు మిత్రులు తరచూ అడుగుతుంటారు. చక్రం నేరుగా ఉన్నంతవరకు వెడల్పుకు రోలౌట్‌తో సంబంధం లేదు. కారు నిలబడిన కోణానికి మాత్రం చాలా సంబంధం ఉంది, ఎందుకంటే కిరణం రెండు ముందు చక్రాల గుండా వెళుతుంది, ముందున్న చక్రం దాన్ని తెంపుతుంది, వెనకపడిన చక్రం దాన్ని విడవాలి. రెండు చక్రాల మధ్య 1,450 మి.మీ. ఉన్న కారు ఒక్క డిగ్రీ వంకరగా ఆగినా దాదాపు 25 మి.మీ. రోలౌట్ పెరుగుతుంది. ఇది పైన చెప్పిన 19, 17 అంగుళాల తేడాకు రెండింతలకు దగ్గర. బండి విషయంలో హ్యాండిల్ నేరుగా ఉంటే చాలు.

టైమింగ్ గది:

మాస్టారు చెప్పిన జ్యామితి అంతా నిజమే. అయితే ప్రశ్న అడిగిన తమ్ముడు ఖర్చు పెట్టే ముందు ఆలోచించవలసిన అసలు విషయం ఇంకా ఎవరూ ప్రస్తావించలేదు. స్లిప్పులోని రియాక్షన్ టైమ్ తగ్గడం వేరు, పోటీలో ముందు చేరడం వేరు.

402 మీటర్ల పరుగుకు గడియారం నడవడం మొదలయ్యేది కూడా మీ చక్రం స్టేజ్ కిరణాన్ని విడిచిన ఆ క్షణంలోనే. రోలౌట్ తగ్గిస్తే రియాక్షన్ టైమ్ ఎంత తగ్గుతుందో, పరుగు సమయం దాదాపు అంతే పెరుగుతుంది, ఎందుకంటే గడియారం మొదలయ్యేసరికి మీ బండి అందుకున్న వేగం తక్కువ. ఇద్దరికీ ఒకేసారి పచ్చ లైటు వెలిగే పోటీలో గెలుపును నిర్ణయించేది ఆ రెండింటి మొత్తం. స్టేజ్ బల్బు వెలగగానే ఆగే అలవాటు ఉన్నప్పుడు, టైరు పెద్దదైనా చిన్నదైనా దాని ముందు అంచు ఒకే చోట ఉంటుంది, ముగింపు కిరణాన్ని తెంపేది కూడా ముందు అంచే. కాబట్టి మొత్తం మారదు. ముందుకు జరిగి ఆగితే మీకు నిజంగా కలిసి వచ్చేది 304 నుంచి 178 పోగా మిగిలే ఆ 126 మి.మీ. దూరం మాత్రమే. గంటకు 120 కి.మీ. వేగంతో గీత దాటే బండికి అది సెకనులో వెయ్యింట నాలుగు వంతులు.

ఇంకో కోణం కూడా ఉంది. మూడు ఆంబర్ (ముదురు పసుపు) లైట్లు అర సెకను చొప్పున ఒకదాని తరవాత ఒకటి వెలిగే ట్రీ (ప్రారంభ లైట్ల స్తంభం) అయితే, చివరి ఆంబర్ వెలగగానే క్లచ్ వదలడం అందరి అలవాటు. కంటికీ చేతికీ 0.2 సెకన్లు, మీ రోలౌట్‌కు 0.349, కలిపితే 0.549. పచ్చ లైటు 0.5 దగ్గర వెలుగుతుంది కనుక బండి కదలడంలో ఆలస్యం కలపకముందే 0.049 నమోదవుతుంది. అదే 178 మి.మీ.తో అయితే 0.467, అంటే పచ్చ లైటుకు ముందే కదిలినట్టు, ఎర్ర లైటు, పోటీ చేజారినట్టే. పెద్ద రోలౌట్ ఉన్న రేసరు, నైపుణ్యం ఉంటే, చివరి ఆంబర్ కంటే రవ్వంత ముందే కదలడానికి సాహసించవచ్చు, పైగా గడియారం మొదలయ్యేసరికి వేగంలో ఉంటాడు. అందుకే నేరుగా తలపడే పోటీల్లో నేను మీ 19 అంగుళాల చక్రాన్ని లోపంగా చూడను.

ఎవరికి వారు తమ సమయాన్ని ముందే ప్రకటించి, నిదానమైన బండికి ముందుగా పచ్చ లైటు ఇచ్చే బ్రాకెట్ పద్ధతిలో మాత్రం పరిస్థితి పూర్తిగా వేరు. అమెరికాలో బాగా స్థిరపడిన ఆ పద్ధతిలో, పెరిగిన పరుగు సమయాన్ని ప్రకటించిన సమయంలో కలుపుకోవచ్చు, అందువల్ల తగ్గిన రియాక్షన్ టైమ్ నిజమైన లాభంగా మిగులుతుంది. అక్కడి రేసర్లు ముందు టైరు వ్యాసం మార్చి చివరి ఆంబర్ మీద కదిలితే సున్నాకు దగ్గరగా వచ్చేలా సరిచూసుకోవడం దీనికోసమే.

అలిపిరి రైడర్:

అన్నగారూ, మా పోటీ నేరుగా తలపడేదే. కనుక చక్రం మార్చే ఆలోచన విరమించుకుంటున్నాను. ఒక్క సందేహం మిగిలింది: ఒక రోజు 0.05, ఇంకో రోజు 0.06 అంటూ అదే బండి, అదే స్థానంతో స్లిప్పులో మార్పు రావడానికి టైరులోని గాలి కారణమవుతుందా?

లెక్కల మాస్టారు:

అవుతుంది. టైరు కుంగినకొద్దీ ఇరుసు కిందికి దిగి, కిరణం ఎత్తులో జ్యా పొడవు పెరుగుతుంది. మీ టైరు 3 మి.మీ. అదనంగా కుంగితే రోలౌట్ సుమారు 11 మి.మీ. పెరుగుతుంది, అంటే చక్రం మార్పుతో వచ్చే తేడాకు దాదాపు సమానం. ఉదయం తిరుపతిలో కొట్టించిన గాలి మధ్యాహ్నం ట్రాక్ వేడికి అలాగే ఉండదు, కనుక ప్రతి పరుగుకు ముందు గేజీతో చూసుకోండి. స్టేజ్ దగ్గర మీరు ముందుకు వంగితే ముందు టైరు మీద బరువు పెరిగి అది మరికాస్త కుంగుతుంది, అందువల్ల కూర్చునే తీరు కూడా ప్రతిసారీ ఒకేలా ఉండాలి. రోలౌట్ తగ్గుతుందని గాలిని కంపెనీ సూచించిన దానికంటే ఎక్కించవద్దు. 402 మీటర్లు దాటాక ఆ వేగంలో బండిని ఆపవలసింది ప్రధానంగా ఆ ముందు టైరే, ఎక్కువ గాలితో అది రోడ్డును పట్టుకునే వైశాల్యం తగ్గిపోతుంది.