కంపితమా, ఆందోళితమా? ఒక గిటార్ పెడల్ మీటకు తెలుగు పేరు

ప్రశ్న:

1960ల చివర్లో జపాన్‌లో తయారైన యూని-వైబ్ అనే గిటార్ పెడల్ (కాలితో నొక్కి గిటార్ ధ్వనిని మార్చే పెట్టె) నమూనాలో వచ్చే కిట్‌ను తెప్పించుకొని, విడిభాగాలన్నిటికీ స్వయంగా టంకం వేసి పూర్తి చేశాను. తయారీ సూచనలను తెలుగులో రాయడం మొదలుపెట్టాక, దాని మీటకు ఒక పక్కనున్న ‘వైబ్రాటో’ అన్న మాట దగ్గర ఆగిపోయాను.

పెట్టె నడుమ ఒక చిన్న బల్బు, దాని చుట్టూ వెలుతురును బట్టి నిరోధం మారే నాలుగు ఫోటోసెల్‌లు ఉంటాయి. బల్బు వెలుగు పెరిగి తరుగుతున్నప్పుడల్లా ఆ నాలుగింటి నిరోధమూ మారి, వాటి గుండా సాగే ధ్వని తరంగపు దశ (ఫేజ్) ముందుకూ వెనక్కూ జరుగుతుంది. దశ జరిగిన ధ్వనిని మాత్రమే వింటే స్వరం పైకీ కిందికీ కదిలినట్టు ఉంటుంది. దానినే వైబ్రాటో అంటారు. అసలు ధ్వనిని కూడా కలిపి వింటే కొన్ని పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకొని సుడి తిరుగుతున్నట్టు ఉంటుంది. మీటకు రెండో పక్కన దీనికి ‘కోరస్’ అని రాశారు.

వైబ్రాటోను ‘కంపితం’ అనవచ్చునా? ‘ట్రెమొలో’కు కూడా ఇదే మాట వాడడం చూశాను, కానీ ట్రెమొలోలో మారేది స్వరం కాదు, ధ్వని తీవ్రత. నిజానికి ఈ గందరగోళం ఆంగ్లంలోనే ఉంది: ఫెండర్ సంస్థ 1954 నాటి స్ట్రాటోకాస్టర్ గిటార్‌లో స్వరాన్ని వంచే పిడికి ట్రెమొలో అని పేరు పెట్టి, ఆ తరువాత తన ఆంప్లిఫయర్లలో తీవ్రతను ఊపే భాగానికి వైబ్రాటో అని పేరు పెట్టింది.

జవాబు:

కంపితం గమక భేదాల్లో, అంటే మన సంగీతంలో స్వరాన్ని కదిలించే తీరుల్లో ఒకటి కాబట్టి, స్వరం కదలికకే దాన్ని ఉంచి, ట్రెమొలోకు వేరే మాట వెతకడం న్యాయమండీ. అయితే 13వ శతాబ్దపు శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో గమకాలను వేగాన్ని బట్టి కూడా విడదీశాడు. కంపితానికి అర ద్రుతం, ఆందోళితానికి ఒక లఘువు (ఇవి కాలపు కొలతలు, లఘువులో సగం ద్రుతం); అంటే ఆందోళితం నాలుగింతలు నిదానం. మీ పెడల్‌లో వేగం నాబ్‌ను బాగా తగ్గించినప్పుడు వినిపించేది కంపితం కాదు, ఆందోళితం. చిక్కేమిటంటే, డోల అంటే ఉయ్యాల అన్న అర్థం నుంచి వచ్చిన ఈ మాట నేటి పాఠకుడికి దిగులునో, ధర్నానో గుర్తుచేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

చాలా ఉపయోగపడిందండీ. ఆందోళితం అన్న మాట చదివాక పెడల్ ముందు కూర్చొని మళ్ళీ విన్నాను. మూత తీసి ఉన్నంతసేపూ గదిలోని వెలుతురు కూడా ఫోటోసెల్‌ల మీద పడి ఊపు పలచగా ఉండేది. మూత బిగించగానే నిండుగా వచ్చింది. బల్బులోని తీగ వేడెక్కడానికీ చల్లారడానికీ కొంత సమయం తీసుకుంటుంది కాబట్టి, అక్కడ వెలుగు ఎల్‌ఈడీ వెలుగులాగా టక్కున మారదు. ఉయ్యాల చివరికంటా వెళ్ళి ఒక్క క్షణం ఆగి తిరిగి వచ్చినట్టే మారుతుంది. దానికి ‘వణుకు’ చాలదు, ‘అదురు’ అసలే కుదరదు. గొంతు వణుకుతుంది, కన్ను అదురుతుంది. ఇది మాత్రం ఊగుతుంది.

కాబట్టి వైబ్రాటోకు ‘స్వరపు ఊపు’, ట్రెమొలోకు ‘తీవ్రత ఊపు’ అని రాస్తున్నాను. ఏది ఊగుతున్నదో పేరులోనే ఉంటే రెంటినీ కలిపేసే అవకాశం ఉండదు. కోరస్‌ను ‘బృందగానం’ అంటే అక్కడ లేని మనుషులు వచ్చి నిలబడతారు కాబట్టి దాన్ని కోరస్‌గానే వదిలేశాను. గమకం అన్న మాటను కూడా పెడల్‌కు ఇవ్వలేదు. ఏ స్వరాన్ని ఎక్కడ, ఎంత ఊపాలో ఎంచుకునే వేలికీ గొంతుకూ చెందిన మాట అది, ఈ బల్బు అన్ని స్వరాలనూ ఒకేలా ఊపుతుంది.