నోటీసులో ఏ మాట రాయాలి: పర్యవేక్షణా, నిఘానా?

ప్రశ్న (మహారాష్ట్రలోని సిరోంచ నుంచి): మా తమ్ముడు చంద్రపూర్‌లో ఒక గోదాములో పని చేస్తాడు. అక్కడ మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారని, మరాఠీ నోటీసును తెలుగులో రాసివ్వమన్నాడు. అందరూ ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకోవాలి, లొకేషన్ ఆపకూడదు. మరాఠీలో ‘దేఖ్‌రేఖ్’ అని ఉంది. తెలుగులో పర్యవేక్షణ అనాలా, నిఘా అనాలా?

జవాబు (బల్లార్‌పూర్ నుంచి): పర్యవేక్షణ అని రాయి అక్కా. నిఘా అంటే దొంగల మీద పెట్టేది. చదివినవాళ్లకు ఊరికే టెన్షన్.

జవాబు (అహేరి నుంచి): ఆ టెన్షన్‌కు కారణం ఉన్నప్పుడు మెత్తటి మాటతో కప్పకూడదు తమ్మీ. నిఘా ఫారసీ ‘నిగాహ్’ నుంచి వచ్చింది, చూపు అని అర్థం. మరాఠీలో అదే ‘నిగా’ అయి, బాగోగులు చూసుకోవడమైంది. జుట్టుకూ ‘నిగా’ అంటారు, పసిపిల్లలకూ అంటారు. మన తెలుగులో పోలీసు మాటగా స్థిరపడింది. పంట తనిఖీకి వాడే అజమాయిషీ కూడా ఫారసీదే, పరీక్షించడమని. తునికాకు (బీడీ ఆకు) కల్లంలో జరిగేది అదే. కల్లం చూసుకునే కల్లేదారు ఎదురుగా కూర్చుని కట్ట విప్పి చూస్తాడు, ఆకు బాగాలేకపోతే పక్కన పడేస్తాడు. మనమూ ‘ఎందుకు తీసేశావు’ అని అక్కడే అడుగుతాం. ఫోన్‌లో కూర్చున్నవాణ్ణి ఎలా అడుగుతాం?

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. కానీ 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 7వ సెక్షన్, ఉద్యోగ అవసరాలకైతే సమ్మతి లేకుండానే వివరాలు వాడుకోవచ్చంటోంది. సమ్మతి అడగనప్పుడు కనీసం విషయమైనా దాచకుండా చెప్పాలి. రుమేనియాలో ఒక ఉద్యోగి మెసేజీలు కంపెనీ చదివిన కేసులో, ముందుగా సరిగ్గా తెలియజేశారా లేదా అన్నది యూరప్ మానవహక్కుల కోర్టు 2017లో గట్టిగా పట్టించుకుంది.

అక్కా, డ్యూటీ దిగాక ఆ యాప్ ఆగుతుందా? ముందు అది కనుక్కో.

ప్రశ్న అడిగినవారు: అడిగాను అన్నా. ఆగదట. సెలవు రోజు కూడా నడుస్తుందట.

జవాబు (బల్లార్‌పూర్ నుంచి): అయితే పర్యవేక్షణ అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా. పని లేని వేళ పర్యవేక్షించడానికి ఏముంటుంది?

ప్రశ్న అడిగినవారు: ఇలా రాశాను, చూడండి: ‘పని ముగిశాక కూడా, సెలవు రోజున కూడా, మీరు ఎక్కడున్నారో ఈ యాప్ ద్వారా కంపెనీకి తెలుస్తుంది.’

జవాబు (అహేరి నుంచి): బాగుంది. ఆ వివరాలు ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు అన్నది మరాఠీ నోటీసులో ఉందా? లేకపోతే అక్కడ ఖాళీ వదిలి, నింపి ఇమ్మని తిప్పి పంపు.